ఆరిందన్న మాట

మసక్క ఎవరింటికి వెళ్లినా ముందు పొయ్యిని తిట్టేది, తరవాత ఆ పొయ్యి గలవాళ్లను తిట్టేది, ఆ రెండూ అయ్యాకే భుజాన ఉన్న చీపుళ్ల కట్ట దించేది. పొగగొట్టాలు దులపడం ఆమె పని. ఆడమనిషి ఇంటికప్పు ఎక్కడమేమిటని మొదట్లో ఊరు ముక్కున వేలేసుకుంది. ఒకరింటి గొట్టంలోంచి తట్టెడు మసి లాగి వాళ్ల గుమ్మంలోనే కుమ్మరించి, ఇన్నాళ్లూ దీని కింద పడుకుని మళ్లీ పొద్దున లేస్తున్నారంటే మీ ఆయుష్షు గట్టిదేనని చెప్పి వచ్చింది. ఆ రోజుతో వేళ్లన్నీ దిగాయి. మసి, అక్క కలిసి మసక్క అయింది. ఆ పేరుకు ఆమె ఏమీ అనుకోలేదు. నిజానికి కాస్త పొంగిపోయింది కూడా.

ఆ ఊళ్లో ఏడాదిలో సగం చలే. ప్రతి ఇంటి నడిగదిలోనూ మనిషెత్తు ఇటుక పొయ్యి ఉంటుంది. దానికో ఇనప తలుపు, కప్పు దాటి పైకి పోయే గొట్టం, ఆ గొట్టంలో అడ్డంగా తోయడానికో ఇనప పలక. పొద్దున్నే కట్టెలు పేర్చి ముట్టిస్తే మధ్యాహ్నానికి కాలి బొగ్గులవుతాయి. ఆ బొగ్గులు కూడా పూర్తిగా ఆరాక పలక మూస్తే, వేడి పైకి పోకుండా ఇటుకల్లో నిలిచి మర్నాటిదాకా గదిని కాస్తుంది. ఆరకముందే మూస్తే బొగ్గుల గాలి గదిలోకి దిగుతుంది. దానికి రంగుండదు, వాసనుండదు, దగ్గయినా రాదు. తల బరువెక్కి, కాస్త నడుం వాలుద్దామనిపిస్తుంది. వాల్చిన వాళ్లలో చాలామంది మళ్లీ లేవరు.

ఇదంతా మసక్క ఊళ్లోవాళ్ల చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరింది. పచ్చి కట్టె ముట్టుకోవద్దు, ఏడాది ఎండినదే పెట్టండి. కిరసనాయిలు సీసా ఈ గదిలో కనబడిందో, మీ నెత్తినే పోస్తాను. ముట్టించేముందు కాగితం వెలిగించి పొయ్యి నోట్లో పట్టి, పొగ పైకి లాగుతోందో లేదో చూసుకోండి. బట్టలు పొయ్యికి చేయి చాపినంత దూరంలో ఉండకూడదు. బూడిద ఇనప బకెట్‌లోకి ఎత్తి, మూతపెట్టి, బయట మట్టి మీద పెట్టండి, అరుగు మీద కాదు. బొగ్గుల మీద నీలం మంట ఆడుతున్నంతసేపు పలక మీద చెయ్యి వేయవద్దు. వంగి మీ కళ్లతో మీరు చూడండి, వాళ్లూ వీళ్లూ చెప్పింది నమ్మకండి. ఆమె చూసే ఇళ్లలో ఒక్కరికీ పొగ పట్టలేదు. ఆ సంగతి మీకు తెలియకపోతే ఆమే చెప్పేది.

అంత చెప్పిన మనిషి తన ఇంట్లో ఏం చేసిందయ్యా అంటే, పలకను అటక మీద పెట్టించింది. నడిగదిలో నిలబడితే పలక అందదు, అటక మీద నిలబడితే బొగ్గులు కనబడవు. ఇంకెవరైనా ఆ పని చేసుంటే మసక్క వాళ్ల ఏడు తరాలనూ కడిగేసి ఉండేది. తనది కాబట్టి దానికో కారణం చెప్పింది. నడిగదిలో ఉండేది చెల్లెలు, చెల్లెలి చేతికి పలక ఇవ్వడం అంటే ఇంటికి నిప్పు పెట్టుకోవడమే అంది. అసలు సంగతి అది కాదని నాకు తెలుసు. ఇంట్లో చివరి మాట తనదై ఉండాలి, అంతే.

చెల్లెలు ఇళ్ల బట్టలు ఉతికి ఇచ్చేది. వాళ్లమ్మ పోయిన నాటినుంచీ పెంచింది మసక్కే. అన్నం పెట్టింది, చదువు మాన్పించింది, జ్వరమొస్తే పక్కన కూర్చుని తెల్లవార్లూ తిట్టింది. చెల్లెలు చిన్నప్పుడు గలగలా వాగే పిల్ల. ఆ వాగుడు మసక్కకు పడలేదు. పనినుంచి వచ్చేసరికి తల పగిలిపోతుంటే ఆ పిల్ల వీధిలో కుక్క దగ్గర్నుంచి ఏకరువు పెట్టేది. అడిగినదానికి ఒక్క మాటలో చెప్పు, రెండో మాట వచ్చిందో చెంప పగులుతుందని మసక్క చెప్పింది. చెప్పినట్టే పగలగొట్టింది. కొన్నాళ్లకు పిల్ల దారికొచ్చింది. జుట్టు నెరవడం మొదలైనా ఆ అలవాటు పోలేదు. ఉతికావా అంటే ఉతికాను, తిన్నావా అంటే తిన్నాను. బయటివాళ్లు ఆమెకు నోట్లో నాలుక లేదనుకునేవారు.

రోజూ మధ్యాహ్నం మసక్క అటకెక్కి చీపుళ్లు బాగుచేసుకుంటూ, "ఆరిందా?" అని అరిచేది. చెల్లెలు పొయ్యి తలుపు తీసి, వంగి చూసి, "ఆరింది," అనేది. మసక్క పలక తోసేది. బట్టల మూటలు ఇళ్లకు చేర్చేది కూడా మసక్కే గనక, వాటి గురించీ అదే ప్రశ్న, అదే జవాబు. చీర ఆరిందా, ఆరింది. ఒకరిది నిప్పుతో పని, ఇంకొకరిది తడితో పని. ఇద్దరికీ కలిపి ఆ ఇంట్లో ఉన్నది ఒక్కటే మాట.

ఇలా ఉండగా చెల్లెల్ని చేసుకుంటానని ఒకాయన వచ్చాడు. సందు చివర గడియారాలు బాగుచేసే మనిషి, భార్య పోయి చాలాకాలమైంది. చొక్కాలు ఉతకడానికి ఇస్తూ, తీసుకుంటూ ఎప్పుడు మాటలు కలిపాడో గాని, చెల్లెలు ఆయనతో వాక్యాలకు వాక్యాలు మాట్లాడుతోందని తెలిసి మసక్కకు ఒళ్లు మండింది. ఆయన గుమ్మంలో నిలబడి, "వదినగారూ," అని మొదలుపెట్టాడు.

"ఇంకా ఏమీ కాకముందే వదినేంటి? చేతులూపుకుంటూనే వచ్చావా?" అంది మసక్క.

ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఆమెకు భయం పట్టుకుంది. ఈ మనిషిని తిట్లతో పంపించలేమని అర్థమైంది. చెల్లెలు వెళ్లిపోతే సాయంత్రం తాళం తీసుకుని చీకటింట్లోకి రావాలి. తిట్టడానికి మనిషుండదు. అటక మీదినుంచి అరిస్తే కిందినుంచి పలికేవాళ్లుండరు. ఉండిపోవే అని ఒక్కసారి అడిగితే చెల్లెలు ఉండిపోయేదేమో కూడా. అడగడం మసక్కకు చేతకాదు. అందుకని పందెం పెట్టింది.

"పొయ్యి ముట్టించడం రాని దానివి, నీకు కాపురమా? ఈ చలికాలమంతా పొయ్యి నువ్వే చూసుకో, పలక మాత్రం నువ్వు ఆరిందన్నాక నేను మూస్తాను. ఒక్క తప్పు లేకుండా గడిపావా, మంచు కరగ్గానే నీ పెట్టె నేనే మోసుకొచ్చి ఆయన గుమ్మంలో దింపుతాను. ఒక్క తప్పు దొరికిందా, ఈ పెళ్లి మాట ఇంక నా ఇంట్లో వినపడకూడదు."

చెల్లెలు, "సరే," అంది. గడియారాలాయన ఇదేం చోద్యం అన్నాడు గాని, చెల్లెలు ఆయన వంక చూసి తలాడించింది. ఆమె నెగ్గుతాననే అనుకుంది.

నెగ్గేలాగే ఉంది కూడా. అన్నాళ్లూ అక్క ఊరికి చెప్పిన పాఠం ఆమె ఇంట్లో రోజూ విన్నదే. పొద్దున్నే కాగితం వెలిగించి పట్టి చూసేది, సన్నపుల్లలు అంటుకున్నాకే దుంగలు పెట్టేది, పొయ్యి నోరు నిండా కుక్కేది కాదు. కిటికీ వేలెడు సందు తెరిచి ఉంచేది. బట్టల దండెం పొయ్యికి దూరంగా గది ఆ కొసకు మార్చుకుంది. మసక్క ఇంటికొచ్చి కళ్లలో వత్తులేసుకుని చూసినా దొరికేది కాదు. దొరకనప్పుడు దొరికేలా చేయాలనుకుంది. ఎండు కట్టెల మోపులో రెండు పచ్చి కట్టెలు దూర్చింది. చెల్లెలు వాటిని ఒకదానికొకటి తట్టి, మొద్దు చప్పుడు విని, పక్కన పడేసింది. బూడిద బకెట్ మూత దాచేసింది. చెల్లెలు వెతికి వెతికి, రేకుముక్క కప్పి, పైన ఇటుక పెట్టింది. ఒకసారైతే మసక్క తన తువ్వాలే తీసి పొయ్యి తలుపు మీద వేసి బయటికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి తువ్వాలు మడతపెట్టి ఆమె మంచం మీద ఉంది. అవి ఎవరి పనులో చెల్లెలికి తెలియదా, తెలుసు. ఒక్క మాట అనలేదు. ఆ మౌనం మసక్కకు వాతపెట్టినట్టయింది.

చూరునుంచి మంచు కారడం మొదలైంది. చెల్లెలు పెట్టె సర్దుకోవడం కూడా మొదలుపెట్టింది. దాచకుండా, మంచం మీద పరుచుకునే సర్దుకుంది. ఆ రోజు సాయంత్రం గడియారాలాయన ముహూర్తం మాట్లాడడానికి వస్తానన్నాడు. మధ్యాహ్నం గాలి విసురుగా ఉండి కిటికీ తలుపులు కొట్టుకుంటుంటే చెల్లెలు గడియ పెట్టింది. పలక తెరిచి ఉన్నంతసేపు అందులో తప్పేమీ లేదు. పొద్దున ఉతికిన హాస్టల్ దుప్పట్లు దండెం మీద ఉన్నాయి. పైన అటక మీద మసక్క చీపురుకు తాడు చుడుతోంది. చుట్టడం మీద ధ్యాస లేదు, పొద్దుటినుంచీ ఆమె లోపల కుంపటి రాజుకుంటోంది.

"హాస్టల్ వాళ్ల పెద్ద దుప్పటి ఇవాళే ఇవ్వాలి, గుర్తుందా?" అని కిందికి అరిచింది. జవాబుగా దండెం దగ్గరకు నడిచిన అడుగుల చప్పుడు వినిపించింది. మసక్క కాసేపు తాడు చుట్టి, రోజూ ఆ వేళకు అరిచినట్టే అరిచింది.

"ఆరిందా?"

"ఆరింది."

మసక్క పలక పిడి పట్టుకుంది. పట్టుకుని ఆగింది. పొయ్యి ఇనప తలుపు తీస్తే కిర్రుమంటుంది, ఇవాళ కిర్రుమనలేదు. రెండో చెయ్యి గొట్టానికి ఆనించింది. చురుక్కుమంది. బొగ్గులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. చెల్లెలు చెప్పింది దుప్పటి గురించి. ఇదంతా మసక్కకు రెప్పపాటులో అర్థమైపోయింది. పిచ్చిదానా, నేనడిగింది పొయ్యి సంగతి, అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. కేక గొంతుదాకా వచ్చింది కూడా.

దాన్ని మింగేసింది. అన్నదా లేదా? ఆరిందని తన నోటితోనే అన్నది. నిప్పు ఎర్రగా ఉండగా ఆరిందనడం తప్పు కాదా? ఇంతకన్నా పెద్ద తప్పు ఇంకేముంటుంది? చలికాలమంతా దొరకనిది ఇవాళ కాళ్ల దగ్గరికి వచ్చి పడింది. పలక చివరిదాకా తోసేసింది.

వెంటనే దిగి పొయ్యి తలుపు తెరిచి, ఇదేమిటే అని చూపిస్తే ఆ రోజు అంతటితో పోయేది. కాని చెల్లెలికి చూపిస్తే ఏం లాభం? అది తలొంచుకుంటుంది, సాయంత్రం ఆయనొచ్చి పోనిద్దురూ అంటాడు. ఆయన కళ్లారా చూడాలి. నువ్వు ఇల్లాలిని చేసుకుంటానన్న మనిషి చూడు నిప్పు మీద పలక వేయించింది, అని ఆయన ముందే అడగాలి. సందు చివరే కదా కొట్టు, వెళ్లి లాక్కొచ్చేలోపు బొగ్గులు ఆరిపోవు. అటకకు బయటివైపు మెట్లున్నాయి. మసక్క కొంగు దులుపుకుని ఆ మెట్లు దిగింది. పొగ తగిలితే అదే బయటికొస్తుందిలే అనుకుంది. బొగ్గుల గాలికి పొగ ఉండదని, వాసన ఉండదని, కిటికీ మూసి ఉంటే గది ఎంత తొందరగా నిండుతుందో ఆమె కన్నా తెలిసినవాళ్లు ఆ ఊళ్లో లేరు.

కొట్లో ఎవరో గడియారం తెరిపించుకుని కూర్చున్నారు. గడియారాలాయన కంటికి అద్దం పెట్టుకుని సన్నటి చక్రం బిగిస్తున్నాడు. రండి కూర్చోండి, ఇది అవగానే లేస్తానన్నాడు. మసక్క కూర్చుంది. తొందరగా రా అనలేదు. అంటే ఎందుకని అడుగుతాడు, అడిగితే చెప్పాలి, చెబితే చూడడంలో ఉన్న దెబ్బ పోతుంది. కూర్చుని, ఇన్ని గడియారాలుండి ఒక్కటీ మరొకదానితో కలవదేమని ఎత్తిపొడిచింది. ఆయన ఓపిగ్గా నవ్వాడు. గోడ మీద లోలకాలు ఊగుతుంటే ఆమె వాటిని చూస్తూ, అక్కడికి వెళ్లాక మొదట ఏ మాట అనాలో లోపల సవరించుకుంటూ కూర్చుంది. ఆ వచ్చినాయన గడియారం చెవి దగ్గర పెట్టుకుని విని, మెచ్చుకుని, వెళ్లేదాకా అలాగే కూర్చుంది.

తలుపు తీసేసరికి చెల్లెలు దండెం కింద పడి ఉంది. ఆరిన దుప్పటి సగం మడతపెట్టి గుండెల మీద పట్టుకుని ఉంది. మొహం బొగ్గుల గాలికి గులాబీ రంగుకు తిరిగి, ఎన్నడూ లేనంత ఆరోగ్యంగా కనబడింది. గడియారాలాయన ఆమె చంకల కింద చేతులు వేసి గుమ్మం బయట మంచులోకి ఈడ్చాడు. ముందు మనిషిని గాలిలోకి లాగాలి, తక్కినవన్నీ తరవాత అని ఊరందరికీ నేర్పింది మసక్కే. ఆ మసక్క చెల్లెలి వైపు వెళ్లలేదు. అటక మీదికి పరిగెత్తి పలక తెరిచింది.

చెల్లెలు చావలేదు. ఆసుపత్రిలో కళ్లు తెరిచింది, ఇంటికీ వచ్చింది. వచ్చింది ఆ మనిషి కాదు. అడుగులు చిన్నవై, కాళ్లు నేలకు రాసుకుంటూ నడిచేది. పట్టుకున్న గిన్నె ఎందుకు పట్టుకుందో మరిచిపోయేది. దుప్పటి మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టేది. మెదడుకు గాలి చాలక కొంతభాగం దెబ్బతిందని, ఇంతకన్నా బాగుపడదని డాక్టరు చెప్పాడు. ఆరిందని అదే చెప్పింది, నేను మూశాను, అని మసక్క అందరికీ చెప్పింది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఊరు చెల్లెలిదే పొరపాటు అనుకుని, ఆమెకు స్నానం చేయించి తల దువ్వే అక్కను చూసి కళ్లొత్తుకుంది. కొందరైతే మసక్కది దేవతలాంటి మనసన్నారు. ఆమె కాదనలేదు. ఇళ్లకు వెళ్లినప్పుడు పలక పాఠంలో ఈ సంగతి కూడా చేర్చి చెప్పేది. వినేవాళ్లు భయపడి బాగా గుర్తుపెట్టుకునేవారు.

గడియారాలాయన మాత్రం రావడం మానలేదు. సాయంత్రం వచ్చి, పొయ్యి పక్క బల్ల మీద చెల్లెలి ఎదురుగా కూర్చుని, కొట్లో జరిగినవన్నీ చెప్పేవాడు. ఆమె వినేది. అప్పుడప్పుడు నవ్వేది. వేసవి మొదట్లో ఒకరోజు ఆయన మసక్కను గుమ్మం దగ్గరికి పిలిచాడు.

"ఎలా ఉన్నా నేను చేసుకుంటాను. తనకీ ఇష్టమే. ఎప్పుడడిగినా పందెం ఓడిపోయానండీ, రాకూడదండీ అంటోంది. మిగతావన్నీ మరిచిపోయింది గాని అదొక్కటి మరవలేదు," అన్నాడు. కాస్త ఆగి, "నాకో సందేహం. ఆ రోజు తను చెప్పింది దుప్పటి గురించేమో. మీరు గొట్టం మీద చెయ్యి వేసి చూడనిదే పలక ముట్టుకోరని ఊళ్లో అందరికీ తెలుసు. ఆ రోజు చూడలేదా?" అన్నాడు.

"చూడలేదు," అంది మసక్క.

ఆయన నమ్మాడో లేదో తెలియదు. దాని గురించి ఇంక అడగలేదు. "సరే. అయినా మీ మాటంటే తనకి వేదం. తప్పు నీది కాదని మీరొక్కసారి చెప్పండి. చెబితే ఇప్పుడే లేచి వస్తుంది. ఇంకేం అడగను మిమ్మల్ని," అన్నాడు.

ఇద్దరూ లోపలికి వచ్చారు. చెల్లెలికి ఏదో జరుగుతోందని తెలిసింది. దుప్పటి ఒళ్లో పెట్టుకుని, అక్క వైపు తిరిగి, మాటలు వెతుక్కుంటూ అడిగింది.

"అక్కా, ఆ రోజు... నిప్పు... తప్పు నాదేనా?"

మసక్కకు నిజం చెప్పాలనే అనిపించింది ఒక క్షణం. గొట్టం తగిలిన చెయ్యిని ఇంకో చేత్తో పట్టుకుంది. ఈ కుదేలైన మనిషి, సగం మాటల మనిషి కూడా వెళ్లిపోతే ఇంట్లో తనూ ఇటుకలూ మిగులుతాయి. కాదు అంటే చాలు, పిల్ల లేస్తుంది, ఆయన చెయ్యి పట్టుకుంటుంది. చెల్లెలి కళ్లు అప్పటికే సగం నవ్వుతున్నాయి.

"నీదే," అంది మసక్క. "నిప్పుండగా ఆరిందన్నావు."

చెల్లెలు తలూపింది. గడియారాలాయన వైపు తిరిగి, "చూశారా అండీ. నేను చెప్పాగా," అంది. ఆయనకు కష్టం కలగకూడదన్నట్టు చాలా మెల్లగా అంది.

ఆయన టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. మసక్క తలుపు గడియపెట్టి ఇద్దరికీ కంచాలు పెట్టింది. చెల్లెలు తన కంచం ముందు కూర్చుంది. ఆకలిగా ఉన్నా ముట్టుకోకుండా, తినొచ్చా అన్నట్టు అక్క మొహంలోకి చూస్తూ కూర్చుంది.